అమ్మ నొప్పికి వాళ్ళు వేసిన అంకె

ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అని డాక్టరు చెప్పినప్పుడు, నాకంటే ముందు అమ్మే కుర్చీలోంచి లేచింది.

"మంచిది సార్. మీకో బెడ్డు ఖాళీ అయితది," అంది.

ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఆస్పత్రిలో ఆయమ్మగా పనిచేసిన మనిషి. డాక్టర్లు ఆ మాట చెప్తుంటే తలుపు పక్కన నిలబడి ఎన్నిసార్లు విన్నదో. విన్నవాళ్ళను గోడకు ఆనించి కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించింది కూడా తనే. తన వంతు వచ్చినప్పుడు ఎలా నిలబడాలో ఎప్పుడో అనుకుని పెట్టుకున్నట్టుంది. ఆటోలో మాత్రం ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.

కడుపులో పుట్టిన క్యాన్సర్ కాలేయానికి పాకింది. రెండు నెలలు, మహా అయితే మూడు అన్నారు. లాల్‌దర్వాజ దగ్గర గల్లీలో రెండు గదుల ఇల్లు మాది. బాపు పోయి పన్నెండేళ్ళయింది. నేను పెళ్ళి చేసుకోలేదు. కంచన్‌బాగ్‌లో ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీ ల్యాబులో లోహపు ముక్కలు పరీక్షించే ఉద్యోగం నాది. ఉన్న సెలవులన్నీ పెట్టేశాను. అన్నా వదినా మియాపూర్‌లో ఉంటారు.

అమ్మ ఒక్కటే షరతు పెట్టింది. "నన్ను మల్ల ఆస్పత్రికి తీస్కపోవద్దు. ఏమన్న గానీ. ఈడ్నే."

అన్న రెండు రోజులు ఫోన్లో వెతికి ఒక కంపెనీని పట్టుకున్నాడు. చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను ఇంటికే వచ్చి చూసుకుంటారట. నర్సు, డాక్టరు, మందులు, మడిచే మంచం, అన్నీ వాళ్ళవే. "వీళ్ళకు ఎన్ని స్టార్లున్నయో చూడు చెల్లె," అని ఫోన్ నా చేతికిచ్చాడు. తెల్లటి దుప్పటి మీద ఒక ముసలామె నవ్వుతూ ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని ఒక నర్సు కూడా నవ్వుతూ ఉంది. నేనూ సంతోషపడ్డాననే చెప్పాలి. పరీక్ష చేయకుండా ఒక్క ముక్కను కూడా పాస్ చెయ్యని ఉద్యోగం చేసేదాన్ని, మా అమ్మ విషయంలో బొమ్మ చూసి సరేనన్నాను.

మొదటి రోజు వాళ్ళ కోఆర్డినేటర్ వచ్చింది. చేతిలో ట్యాబ్ ఉంది. మంచం కాళ్ళ దగ్గర నిలబడి ప్రశ్నలన్నీ నన్నే అడిగింది. "పేషెంట్ నడవగలుగుతున్నారా? పేషెంట్‌కి నిద్ర పడుతోందా? పేషెంట్ కోపరేట్ చేస్తారా?"

"పేషెంటుకు చెవులు గూడ మంచిగనే వినవడ్తయి బిడ్డా," అంది అమ్మ.

ఆ అమ్మాయి ఇబ్బందిగా నవ్వి మళ్ళీ నా వైపే తిరిగింది. అమ్మ వదిలిపెట్టలేదు.

"నొప్పి లేస్తే ఎవరొస్తరు?"

"ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ ఉందమ్మా."

"అది ఫోను గదా. వచ్చేదెవరు?"

"ముందు హెల్ప్‌లైన్‌కి చేయాలమ్మా. వాళ్ళు చూసుకుంటారు."

 ఆ అమ్మాయి వెళ్ళాక అమ్మ, "సంతకం పెట్టినవా?" అని నన్నడిగింది. పెట్టానన్నాను. "సరే తియ్," అంది.

నర్సులు రావడం మొదలైంది. రోజుకొకరు. నిన్న వచ్చిన పిల్ల ఇవాళ రాదు. ఇవాళ వచ్చిన పిల్లకు నిన్న ఏం జరిగిందో తెలియదు. ప్రతిరోజూ నేను మొదటి నుంచి చెప్పాలి: ఎక్కడ నొప్పి, ఏ మందు పడదు, ఏది తింటే కక్కుతుంది. వాళ్ళు మంచం పక్కన పదిహేను నిమిషాలు ఉండేవాళ్ళు. బీపీ చూసేవాళ్ళు, వేలికి క్లిప్పు పెట్టేవాళ్ళు, మంచానికి తగిలించిన ఫైల్లో రాసేవాళ్ళు, ఒక ఫోటో తీసి పంపేవాళ్ళు. మొదటిసారి ఫోటో తీయబోతే అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. "నన్ను తియ్యకు. వచ్చినట్టు సాక్ష్యం గావాలంటే మంచాన్ని తియ్."

ఆ పిల్లల మీద మాత్రం అమ్మకు కోపం లేదు. ఒకమ్మాయి రెండు బస్సులు మారి వచ్చానంటే నాచేత చాయ్ పెట్టించింది. "రోజుకు ఎన్ని ఇండ్లు బిడ్డా?" అంటే, "ఏడమ్మా, ఒక్కోసారి ఎనిమిది," అంది ఆ అమ్మాయి. ఆమె వెళ్ళాక అమ్మ నాతో, "ఏడిండ్లు తిరిగే పిల్ల ఎవ్వలి వీపు చూస్తది? తప్పు ఆమెది గాదు. తిప్పేటోళ్ళది," అంది.

అమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ ముప్పై ఏళ్ళు జ్వరం చార్టుల మధ్య తిరిగింది కాబట్టి అంకెలు మాత్రం ఏ కాగితం మీదున్నా చదువుతుంది. ఒకరోజు ఫైలు తెమ్మంది. ఒక గడి మీద వేలు పెట్టి, "గిదేంది?" అంది.

"నొప్పి ఎంతుందో రాసేది. సున్నా అంటే లేదు. పది అంటే ఓర్వలేనంత."

"రోజూ రెండున్నది."

"అవును."

"నన్ను ఎవ్వరడిగిన్రు?"

నేను జ్ఞాపకం చేసుకున్నాను. ఎవరూ అడగలేదు. మరునాడు వచ్చిన నర్సును నేనే అడిగాను, అమ్మను అడిగి రాయమని. ఆ అమ్మాయి అడిగింది. అమ్మ ఆరు అంది. ఆరు అని రాస్తే పైవాళ్ళు ఫోన్ చేసి ఎందుకని అడుగుతారు మేడం, అంటూ ఆ పిల్ల బిక్కమొహం వేసింది. రాసింది మాత్రం రెండే.

అప్పుడే గట్టిగా అడగాల్సింది. అడగలేదు. వాళ్ళు కూడా రాకపోతే ఎలాగన్న భయం. ఆ భయం గురించి దాచడానికి ఏమీ లేదు. ఇంట్లో ప్రాణం పోతున్న మనిషి ఉన్నప్పుడు, తలుపు తట్టి వచ్చే ప్రతివాడూ దేవుడిలాగే కనిపిస్తాడు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం అమ్మకు నొప్పి లేచింది. అంతకుముందు వచ్చిన నొప్పుల్లాంటిది కాదు. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, చీర కొంగు నోట్లో కుక్కుకుంది, అరుపు గల్లీలోకి పోకుండా. నేను హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. రికార్డు చేసిన గొంతు, తర్వాత పాట, తర్వాత ఒకబ్బాయి. పేషెంట్ నంబర్ అడిగాడు. చెప్పాను. డాక్టరు మీకు తిరిగి ఫోన్ చేస్తారన్నాడు. ఎప్పుడంటే, "త్వరలో మేడం," అన్నాడు.

పక్కింటి ఖాలా చప్పుడు విని వచ్చింది. మా అమ్మ కంటే రెండేళ్ళు పెద్దది. ఇద్దరికీ నలభై ఏళ్ళ స్నేహం. నా చేతిలో ఫోను చూసి, "వో రఖ్ దే బేటీ. పానీ గరమ్ కర్," అంది. నేను ఫోను పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు కాచాను. ఖాలా మంచం మీద కూర్చుని అమ్మ తలను తన ఒళ్ళో పెట్టుకుంది. వేడినీళ్ళ బ్యాగు పొట్ట మీద పెట్టాం. దానివల్ల తగ్గే నొప్పి కాదని ముగ్గురికీ తెలుసు.

డాక్టరు నలభై నిమిషాల తర్వాత ఫోన్ చేశాడు. ఇంట్లో ఉన్న గోలీ ఇంకొకటి వేయమన్నాడు. వేశాం, కక్కేసింది అన్నాను. "అంతకంటే గట్టి మందులు మా దగ్గర ఉండవండీ. అడ్మిట్ చేసేయండి, అంబులెన్స్ పంపిస్తాం," అన్నాడు.

"మార్ఫిన్ లేదా మీ దగ్గర?"

"దానికి వేరే పర్మిషన్లు ఉంటాయి మేడం."

చివరి రోజుల్లో నొప్పి లేకుండా చూస్తామని చెప్పి వచ్చిన కంపెనీ దగ్గర నొప్పి తీసే మందు లేదు. ఆ సంగతి తెలుసుకోవడానికి మా అమ్మ కొంగు కొరుక్కోవాల్సి వచ్చింది.

అమ్మ అంతా వింటూనే ఉంది. అంబులెన్స్ అన్న మాట వినగానే నోట్లోంచి కొంగు తీసి, "ఒద్దు," అంది. అంతే. మళ్ళీ కుక్కుకుంది.

పొద్దు వాలుతుండగా నొప్పి దానంతటదే కొంచెం సడలింది. అమ్మ మొహమంతా చెమట. కళ్ళు తెరిచి మొదట అన్న మాట ఇది: "ఇయ్యాల ఎంత రాసిన్రో చూడు."

ఫైలు తీశాను. ఉదయం వచ్చిన నర్సు ఆ రోజు గడిలో రెండు అని రాసి పెట్టింది. దాని పక్క గడిలోనూ రెండు. దాని పక్కనా రెండు. రేపటి నొప్పి, ఎల్లుండి నొప్పి కూడా రాసేశారు. బీపీ కూడా రాసేశారు. రేపు మా అమ్మ బతికి ఉంటుందో లేదో డాక్టరు చెప్పలేడు గానీ, ఆమె నొప్పి రెండే ఉంటుందని ఆ కాగితానికి తెలుసు.

ఆ పేజీలు ఒక్కొక్కటే ఫోటో తీశాను.

మర్నాడు అన్న వచ్చాడు. చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "లొల్లి పెట్టకు చెల్లె. తప్పే, నేను మాట్లాడుత. గట్టిగంటే రేపటి నుంచి వాళ్ళు గూడ రారు. అప్పుడేం జేస్తవ్ ఒక్కదానివి?" అన్నాడు.

"వచ్చి ఏం చేస్తున్నరు ఇప్పుడు?"

"ఏదో ఒకటి చేస్తున్నరు గదా. మనకేమొస్తది ఇదంత?"

"ఏయ్," అంది అమ్మ లోపలి నుంచి. "చచ్చేది నేను. మీరిద్దరు వాకిట్ల పంచాయితీ పెట్టుకుంటే ఎట్ల? ఈడికి రాండ్రి."

ఇద్దరం వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాం, బళ్ళో తిట్లు తినే పిల్లల్లాగా. "వాళ్ళ పెద్దసార్‌ను రమ్మను," అంది అమ్మ అన్నతో. "ఆయన్ను చూస్త నేను."

అన్న ఏం చెప్పాడో తెలియదు గానీ, రెండు రోజుల్లో మేనేజర్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, కోస్తా వైపు మాట. కారు గల్లీ మొదట్లో ఆపి నడిచి వచ్చాడు. వెనకాల ఒక నర్సు, ఆమె చేతిలో పళ్ళ బుట్ట. లోపలికి వచ్చి చేతులు జోడించాడు. "అమ్మగారూ, మీరేమీ కంగారు పడకండి. ఫైల్లో చిన్న పొరపాటు జరిగింది. మా స్టాఫ్‌ని మందలించాను. ఇక మీదట అలా జరగదు." జేబులోంచి ఒక కాగితం తీశాడు. మా సేవలను మీరెలా అంచనా వేస్తారు అని పైన ఉంది. కింద ఐదు నక్షత్రాలు. "ఇప్పటిదాకా జరిగిన దాని మీద మీ అభిప్రాయం చెబితే..."

అమ్మ ఆ కాగితం వైపు చూడలేదు. ఆయన వైపు చూసింది.

"మీ దాంట్ల అందరికన్న పెద్దోనివి నువ్వేనా?"

"ఈ సిటీ వరకూ నేనేనమ్మా."

"అయితే నన్ను ఎడమ దిక్కు తిప్పు."

ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నర్సు వైపు చూశాడు. ఆమె ముందుకు రాబోయింది.

"ఆమెకొస్తదో రాదో నాకు తెల్సు," అంది అమ్మ. "నేనన్నది నిన్ను."

"అమ్మగారూ, నేను అడ్మినిస్ట్రేషన్ చూస్తానండీ. అది నర్సింగ్..."

"మనిషిని తిప్పుడు రాకుండ మనుషులను చూసే దుకానం ఎట్ల పెట్టినవు? రా. నేను చెప్త."

అన్న, "అమ్మా," అన్నాడు. అమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆయన, నర్సు కింద పెట్టిన పళ్ళ బుట్ట పక్కకు జరిపి, చొక్కా చేతులు పైకి మడిచాడు. అందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. వేరేవాళ్ళయితే అక్కడి నుంచే వెళ్ళిపోయేవాళ్ళు.

"ఈ పక్కకు రా. నా కుడి మోకాలు మడువు. ఆఁ. ఒక చెయ్యి భుజం ఎన్క పెట్టు. ఇంకోటి తుంటి ఎన్క. గుంజకు. నీ దిక్కు దొర్లియ్యి. నిమ్మళంగ. నేను బస్తాను గాదు."

ఆయన దొర్లించాడు. అమ్మ పళ్ళు బిగించి అటు ఒత్తిగిలింది. నడుము దిగువన, రెండు వారాలుగా ఏ నర్సూ విప్పి చూడని చోట నేను కట్టిన గుడ్డ ఉంది. "తియ్ అది," అని నాతో అంది. తీశాను. అరచేతి అంత పుండు. వాసన గదంతా వచ్చింది.

"వాళ్ళ ఫైల్ల ఏం రాసిన్రో సదువు సార్‌కు," అంది అమ్మ.

చదివాను. వీపు చర్మం బాగానే ఉంది అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ రోజు తేదీ కూడా ఉంది.

ఆయన పుండు వైపే చూస్తున్నాడు. చెయ్యి ఇంకా అమ్మ భుజం మీదే ఉంది. తీయడం మరిచిపోయాడు. తర్వాత, "సారీ అమ్మా," అన్నాడు. ఈసారి 'అమ్మగారూ' అనలేదు.

"నీ సారీ నాకేం జేస్తది? ఇంకో ఇంట్ల ఇట్ల పండుకున్నోళ్ళు ఉంటరు. నోరు లేనోళ్ళు. వాళ్ళ వీపు చూడుమని చెప్పు పిల్లలకు. మమ్మల్ని మాత్రం వదిలిపెట్టుండ్రి. రేపటి సంది రావద్దు."

పళ్ళ బుట్ట కూడా తీసుకుపొమ్మంది. ఆయన తీసుకుపోయాడు. నక్షత్రాల కాగితం మాత్రం మర్చిపోయాడు.

ఆ తర్వాతి ఐదు రోజులు మా ఇంటికి ఎవరూ రాలేదు. అన్న నాతో మాట్లాడలేదు. ధైర్యంగా ఉన్నానని చెప్పుకోలేను. ప్రతి మూలుగుకూ లేచి మంచం దగ్గరికి వెళ్ళేదాన్ని. కానీ అమ్మ నాకు పని నేర్పింది. రెండు గంటలకోసారి తిప్పడం, దుప్పటి ముడతలు లేకుండా మంచం మీద మనిషి ఉండగానే మార్చడం, పుండు కడిగే నీళ్ళలో ఉప్పు ఎంత వేయాలో. పడుకున్న చోటి నుంచే ఆజ్ఞలు ఇచ్చేది. తప్పు చేస్తే తిట్టేది. ఆ తిట్లు వింటుంటే, మంచి వార్డులో ఉన్నామన్న ధీమా కలిగేది నాకు.

మధ్యలో దొరికిన సమయంలో ఫోన్లు చేశాను. ఈసారి బొమ్మలు చూడలేదు. అమ్మ చెప్పిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని ఆరు చోట్ల అడిగాను. మార్ఫిన్ ఉందా? ఫోన్ ఎత్తేది ఎవరు? రోజూ ఒకే మనిషి వస్తుందా? ఇంట్లో ప్రాణం పోతే పోలీసులు, ఆస్పత్రులు అని తిప్పకుండా డాక్టరు వచ్చి చనిపోయినట్టు కాగితం రాసిస్తాడా? ఒకాయన, "ఇవన్నీ మీకెందుకమ్మా, మేమున్నాం కదా," అన్నాడు. ఫోన్ పెట్టేశాను. ఒకామె ముందు మా ఇల్లు ఏ ఏరియా అని అడిగి, లాల్‌దర్వాజ అనగానే, "ఓల్డ్ సిటీకి మా వాళ్ళు రారండీ," అంది. ఆమెతో మాత్రం కాసేపు పోట్లాడాను. ఇక్కడ మనుషులు చచ్చిపోరా, మాకు నొప్పులు రావా అని. ఆమె పెట్టేసింది.

చివరికి అమ్మతో కలిసి పనిచేసి రిటైరైన ఒక స్టాఫ్ నర్సు ఒక ట్రస్టు గురించి చెప్పింది. అక్కడ ఫోన్ ఎత్తినామె నా ప్రశ్నలన్నీ ఓపికగా విన్నది.

"మార్ఫిన్ ఉన్నది. లైసెన్స్ కాగితం చూపిస్తం. రాత్రి తొమ్మిది దాటితే మేము ఇంటికి రాలేము, ముందే చెప్తున్న. కానీ ఫోన్ ఎత్తేది నర్సే. ఒక్కర్నే పంపుతం, ఆమెకు ఒంట్ల బాగలేకపోతేనే వేరేవాళ్ళు."

ఓల్డ్ సిటీకి రారన్న ఆమె తప్ప, ఆ ఆరు చోట్లలో రాలేము అన్న మాట ఎవరూ అనలేదు. మిగతావాళ్ళంతా అన్నీ చేస్తామన్నారు. ఆ ఒక్క 'రాలేము' విని నేను వాళ్ళను రమ్మన్నాను.

వచ్చినామెకు యాభై ఏళ్ళుంటాయి. చర్చికి పోయే మనిషి, మెడలో సన్నని శిలువ. చెప్పులు వాకిట్లో విడిచి, చేతులు కడుక్కుని, నాతో ఏమీ మాట్లాడకుండా నేరుగా వెళ్ళి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. అమ్మ మొహానికీ ఆమె మొహానికీ ఎత్తు సమానమైంది.

"నేను అక్కా అనాల్నా, అమ్మా అనాల్నా?" అని అడిగింది.

"అక్కా అను. గంత ముసల్దాన్ని కాలే," అంది అమ్మ.

"నొప్పి ఎంతున్నది అక్కా?"

"ఏం లేదు. మంచిగున్న."

నేను నోరు తెరవబోయాను. అమ్మ కళ్ళతోనే ఆపింది. అమ్మ ఆమెను పరీక్ష చేస్తోందని అప్పుడు అర్థమైంది.  నర్సు దుప్పటి చివర కొంచెం ఎత్తి చూసింది.

"మంచిగుంటే కాలి ఏళ్ళు ఎందుకు ముడుసుకున్నయి అక్కా?"

అమ్మ నా వైపు తిరిగి, "ఈమెను ఉండనియ్యి," అంది.

పుండు చూసి ఆమె అబద్ధం చెప్పలేదు. ఇది మానదు, వాసనా నొప్పీ తగ్గించగలం అంది. ఒక మాత్రను మెత్తగా నూరి పుండు మీద ఎలా చల్లాలో చూపించింది. రెండో రోజుకే వాసన పోయింది. వాళ్ళ డాక్టరు వచ్చి మార్ఫిన్ రాశాడు. నొప్పి లేచాక కాదు, లేవకముందే, నాలుగు గంటలకోసారి వేయాలన్నాడు. దాంతోపాటు మలబద్ధకం రాకుండా ఇంకో మందు. మూడో రోజు అమ్మ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని తిన్నది. బయట ఆటోవాడెవడో హారన్ కొడుతుంటే, "వీని చెవులు పిండ, మనుషులుంటరని తెల్వదా," అని తిట్టింది. అమ్మ గొంతు ఇంటికి తిరిగొచ్చింది.

వాళ్ళకూ తప్పులు ఉన్నాయి. వానకు రోడ్లన్నీ మునిగిన ఒకరోజు నర్సు రాలేదు. ఫోన్ చేసి మందుల సంగతి చెప్పింది గానీ, అమ్మ ఎదురు చూసి విసిగిపోయింది. మర్నాడు వచ్చాక ఆమె ఫైల్లో రాస్తుంటే నేను తొంగి చూశాను. నిన్నటి గడులన్నీ ఖాళీగా వదిలి, అడ్డంగా తెలుగులో రాసింది: రాలేకపోయాం. నేను ఆ మాట వైపు చాలాసేపు చూశాను. రెండు వారాల పాటు నిండుగా ఉన్న ఫైలు చూసినదాన్ని నేను. ఖాళీ గడి ఎంత నమ్మకంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఒంట్లో కొంచెం బాగున్న ఆ రోజుల్లో ఒకసారి నర్సు, "అక్కా, ఏమన్న చెయ్యాలని మనసులున్నదా?" అని అడిగింది. తీర్థాలో, మనవళ్ళో అంటుందనుకున్నాను.

"గాజులేసుకోవాలె," అంది అమ్మ. "పచ్చయి."

గదిలో పెద్దమ్మ ఉంది, అమ్మ వాళ్ళ అక్క, చూడ్డానికి వచ్చింది. "అదేం మాటే? మొగుడు పోయినదానివి. నలుగురు ఏమంటరు?" అంది.

"వాళ్ళ బాపు పోయిననాడు మీరంత కలిసి నా గాజులు పలగ్గొట్టిన్రు. నన్నెవ్వరన్న అడిగిన్రా అప్పుడు? పన్నెండేండ్లు ఊకున్న. ఇగ ఊకోను."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  నర్సు నా వైపు చూసి, "ఇయ్యాలనే తెస్తవా?" అంది.

ఆ సాయంత్రం చార్మినార్ పక్క గల్లీలోకి వెళ్ళాను. అమ్మ సైజు రెండు ఆరు. అదే అడిగి తెచ్చాను. తొడిగితే మోచేతి దాకా జారిపోయాయి. మళ్ళీ వెళ్ళాను. చిన్నపిల్లల సైజు ఇమ్మంటే గాజులవాడు, పాప వయసెంత అని అడిగాడు. అరవై ఎనిమిది అన్నాను. అతను నా మొహం చూసి చిన్న గాజుల కట్ట విప్పాడు. చేతికి డజను చొప్పున పచ్చ గాజులు. సబ్బు నురగ అవసరం లేకుండానే ఎక్కాయి. ఖాలా వచ్చి చూసి, "మాషా అల్లా, దుల్హన్ దిఖ్‌తీ," అంది. అమ్మ పెళ్ళికూతురిలా సిగ్గుపడింది. పెద్దమ్మ ఆ రోజు మాతో అన్నం తినకుండా వెళ్ళిపోయింది. అమ్మ ఆపలేదు.

అన్న గాజులు చూసి ఏమంటాడోనని భయపడ్డాను. ఆదివారం వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, గాజులు ఒక్కొక్కటే జరుపుతూ, "నాదే తప్పు చెల్లె. స్టార్లు చూసి తెచ్చిన," అన్నాడు. అమ్మ కళ్ళు మూసుకునే, "ఆమెతోని గాదురా, నాతోని చెప్పు," అంది. చెప్పాడు. ఏడ్చాడు కూడా.

అమ్మ డాక్టరు చెప్పిన గడువు దాటి పదకొండు రోజులు బతికింది. చివరికి ఏమవుతుందో నర్సు ముందే నాకు చెప్పింది: ఊపిరి ఆగి ఆగి వస్తుంది, గొంతులో గరగర వినిపిస్తుంది, చూడ్డానికి భయంగా ఉన్నా ఆమెకు నొప్పి ఉండదు, పెదాలు తడుపు, పేరు పెట్టి మాట్లాడుతూ ఉండు. ఉదయం ఏడున్నరకు ఆ ఊపిరి మొదలైంది. ఫోన్ చేశాను. రెండో రింగుకు ఎత్తింది. అరగంటలో వచ్చింది. అన్న, వదిన కూడా వచ్చారు. ఎవరమూ అంబులెన్స్ మాట ఎత్తలేదు. పది దాటాక, ఖాలా చెయ్యి ఒక పక్కా నా చెయ్యి ఇంకో పక్కా పట్టుకుని ఉండగా, అమ్మ ఆగిపోయింది. మొహం మీద ముడత లేదు. ట్రస్టు డాక్టరు మధ్యాహ్నంలోపు వచ్చి కాగితం రాసిచ్చాడు.

స్నానం చేయించేటప్పుడు ఎవరో గాజులు తీసేయాలన్నారు. "తీసేది లేదు," అన్నాను. అన్న కూడా అదే అన్నాడు. గాజులతోనే పంపాం.

పెద్దకర్మ అయిన వారానికి నా ఫోన్‌కు ఆ మొదటి కంపెనీ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. మీ ఆత్మీయుల సంరక్షణలో మా సేవలు ఎలా ఉన్నాయో చెప్పండి అని. అమ్మ వాళ్ళను మాన్పించిన సంగతి ఆ మెసేజ్‌కు తెలియదు, పోయిన సంగతీ తెలియదు. రెండు రోజులు అలాగే ఉంచాను. మూడో రోజు డ్యూటీ నుంచి వచ్చి కూర్చుని, అందరూ స్టార్లు చూసే చోటే రాశాను. తిట్టలేదు. అమ్మ చెప్పినట్టు నర్సు పిల్లల మీద ఒక్క మాట పడనివ్వలేదు. రోజు రోజూ ఏం జరిగిందో రాసి, రేపటి నొప్పి ముందే రాసిన పేజీ ఫోటో పెట్టాను. మనిషిని తిప్పడం నేర్చుకున్న మేనేజర్ గురించి కూడా ఉన్నదున్నట్టు రాశాను. కింద, మీరు ఎవరినైనా పెట్టుకునేముందు ఇవి అడగండి అని అమ్మ ప్రశ్నలు రాశాను. ఒక్క నక్షత్రం ఇచ్చాను. అంతకంటే తక్కువ ఇవ్వడానికి వీల్లేదు కాబట్టి.

వారం తర్వాత వాళ్ళ ఆఫీసు నుంచి ఒకామె ఫోన్ చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ పేజీ ఫోటో తీసేస్తే బాగుంటుందంది. కుదరదన్నాను. మళ్ళీ చేసింది. అమ్మగారి జ్ఞాపకార్థం మా వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెడతాం, మంచి ఫోటో పంపండి అంది. మా అమ్మ మీ ఫోటోకు మొహం చూపించలేదమ్మా అన్నాను. మూడోసారి లాయరు నోటీసు మాట ఎత్తింది. పంపమన్నాను. చిరునామా మీ దగ్గర ఉంది, కారు లోపలికి రాదు, గల్లీ మొదట్లో దిగి నడవాలి అన్నాను.

నోటీసు రాలేదు. వేరే మనుషులు రావడం మొదలైంది. వెనక వీధిలో ఒకాయన, భార్యకు బాగాలేదని. మా ఫ్యాక్టరీలో ఒకమ్మాయి, వాళ్ళ తాతకు. తలాబ్‌కట్ట నుంచి ఎవరో తెలియని మనిషి, నేను రాసింది చదివి, ఇల్లు వెతుక్కుంటూ. అందరికీ అవే ప్రశ్నలు రాసిచ్చాను. కొందరి ఇంటికి నేనే వెళ్ళి కూర్చున్నాను. మీకెందుకు ఇదంతా అని ఒక కోఆర్డినేటర్ నన్ను అడిగాడు. నాకే కావాలి, ముందు జవాబు చెప్పు అన్నాను.

మొన్న మళ్ళీ ఆ ఆఫీసు నుంచి ఫోన్. ఈసారి ఇంకో గొంతు. చాలా రోజులైంది కదా మేడం, ఇప్పుడు మా పద్ధతులన్నీ మారాయి, ఇంకా అది అక్కడ అవసరమా అంది. మారితే సంతోషం, మారాయని మీ పేషెంట్ల చేత రాయించండి, నేను చదువుతాను అన్నాను.

నేను రాసింది ఇంకా అక్కడే ఉంది. తీయను.